వింటివేత దూరము

ధ్యానభాగము: ఆదికాండము 21వ అధ్యాయము, 14 మొదలు 20 వరకు

కొనకనమిట్లనుండి పొదిలికి పోవు బాటలోని యొక పల్లెలో మా సంఘపు బిడ్డ యొకతె పుట్టింట పురుడు పోసికొనెను. తొలికాన్పు; మగబిడ్డ. మూడవనాటికి బిడ్డ కన్నులును తోలును పసుపు తిరిగినవి. అమ్మమ్మ పసిరికలనెను. ఆశమ్మ వచ్చి చూచి, ఆలస్యము చేయవద్దు, రక్తము చూపించవలెనని చెప్పెను. ఆటోలో పెద్ద ఆసుపత్రికి పోయినవారితోకూడ మేమును పోయితిమి. ప్రార్థన చేయుటకని మమ్మును పిలిచిరి.

అక్కడ జరిగినది కొద్ది సంగతే. తల్లిని వరండాలో నిలువుమనిరి. బిడ్డను బల్లమీద పరుండబెట్టి మడమకు సూది గుచ్చి, రక్తము చాలినంత రాలేదని మడమను మరల మరల పిండిరి. లోపల బిడ్డ యేడ్పు. బయట తల్లి గోడవైపు ముఖము త్రిప్పుకొని, కొంగుతో చెవులు మూసికొని నిలిచియుండెను. అప్పుడు మేమామెతో, "ఊరుకో అమ్మా, పసిగుడ్డు, వాడికేం తెలుసు? రేపటికి మరిచిపోతాడు" అంటిమి. ఆదరించుటకే అంటిమి. మమ్ము నెవరును తప్పు పట్టలేదు. అమ్మమ్మ కూడ తల యూపెను. అయితే ఇంటికి వచ్చి దీపము తగ్గించి పడుకొన్న తరువాత ఆ మాటయే మమ్మును నిద్రపోనీయలేదు. వానికేమి తెలుసునో మాకేమి తెలుసు?

ఈ నెల ధ్యానమునకు వేరొక సంగతి వ్రాయదలచియుంటిమి. దానిని ప్రక్కకు పెట్టి దీనినే వ్రాయుచున్నాము.

పసిబిడ్డకు నొప్పి తెలియదను మాట పల్లెటూరి అజ్ఞానము మాత్రమే కాదు. గొప్ప చదువులు చదివిన వైద్యులును చాలకాలము అట్లే తలంచిరి. 1941లో అమెరికాలో మర్టిల్ మెక్‌గ్రా అను పరిశోధకురాలు పసిబిడ్డలను సూదితో గుచ్చి చూచి, పుట్టిన మొదటి దినములలో కొందరు అంతగా కదలరని వ్రాసెను. దానినిబట్టి, పసిబిడ్డ మెదడు ఇంకను పండలేదు, వానిది వట్టి ఉలికిపాటేగాని నొప్పి కాదు అను తలంపు బలపడెను. ఆ తలంపు పుస్తకములలో నిలిచిపోలేదు. నెలలు నిండక పుట్టిన బిడ్డలకు మత్తిచ్చిన ప్రమాదమను భయము దానికి తోడైనందున, కొన్ని ఆసుపత్రులలో కదలకుండ చేయు మందు మాత్రమిచ్చి, నొప్పి తెలియకుండు మందు ఇయ్యకయే కోసెడివారు. 1985లో అమెరికాలో ఒక తల్లి బిడ్డకు అట్లే గుండెయొద్ద శస్త్రచికిత్స జరిగెను. కొన్ని వారములకు ఆ బిడ్డ చనిపోయెను. తరువాత సంగతి తెలిసికొన్న ఆ తల్లి ఊరుకొనక పత్రికల కెక్కించెను. అదే కాలమున, మన దేశమున పుట్టి ఇండోరులో వైద్యము చదివి ఆక్స్‌ఫర్డుకు వెళ్లిన కన్వల్‌జీత్ ఆనంద్ అను వైద్యుడు, నెలలు నిండని బిడ్డలలో నొప్పికి మందిచ్చినవారిని ఇయ్యనివారిని పోల్చి చూచెను. మందు పుచ్చుకొనని బిడ్డల శరీరములలో బాధ వలని మార్పులు మిక్కుటముగా కనబడెను. శస్త్రచికిత్స తరువాతి చిక్కులును వారికే ఎక్కువ. ఇది 1987లో అచ్చయినది. ఆ సంవత్సరమే అమెరికా శిశువైద్యుల సంఘము, పసిబిడ్డలైనంత మాత్రమున మత్తు మానుట తగదని ప్రకటించెను. 2015లో ఆక్స్‌ఫర్డులో పసిబిడ్డల పాదమును మెల్లగా పొడిచి మెదడు చిత్రములు తీసిరి. నొప్పి కలిగినప్పుడు పెద్దవారి మెదడులో మేలుకొను 20 భాగములలో 18 భాగములు బిడ్డలోను మేలుకొనెను.

ఒక్క మాట అనుభవముతో చెప్పవచ్చును. "వారికేమి తెలుసు" అను వాక్యము బలముగలవాడు బలములేనివానిని గూర్చియే పలుకును. మన తాతలను గూర్చి, ఎండకును రాళ్లకును అలవాటుపడిన ఒళ్లు, వీరికి నొప్పేమిటని ఊరిపెద్దలనిరి. మన పేటలలో ఇంకను జ్ఞాపకముంచుకొన్న ముసలివారున్నారు. ఆ మాటవలన ఎంత నొచ్చుకొన్నామో ఎరిగియుండియు, మాట రాని బిడ్డను గూర్చి దానినే వరండాలో నిలిచి మేము పలికితిమి.

ఇక రెండవ సగము: మరచిపోవును గదా! ఇది మొదటిదానికంటె గట్టిది. సూది పొడిచిన దినమును పెద్దవాడైన తరువాత ఎవడును చెప్పలేడు. జ్ఞాపకము లేని నొప్పిని లెక్కింపవలెనా?

కెనడా దేశమున అన్నా టాడియో అను ఆమెయు ఆమె తోటివారును ఈ సంగతి పరిశోధించిరి. పుట్టగానే మత్తు లేకుండ సున్నతి చేయబడిన మగబిడ్డలు నాలుగు మొదలు ఆరు నెలలకు టీకా వేయించుకొనునప్పుడు, సున్నతి లేని బిడ్డలకంటె ఎక్కువగా ఏడ్చిరని 1997లో తెలియజేసిరి. 2002లో చెప్పినది మరింత ఆలోచింపదగినది. మధుమేహముగల తల్లుల బిడ్డలకు చక్కెర చూచుటకై మొదటి దినముననే మడమను పలుమారులు గుచ్చుదురు. అట్టి బిడ్డలకు తరువాత చేతినుండి రక్తము తీయబోవుచు, సూది తగులకముందే, తోలును దూదితో తుడుచునప్పుడే వారి ముఖము ముడుచుకొనెను. తడి దూది తగిలిన తరువాత ఏమి వచ్చునో రెండు దినముల బిడ్డ నేర్చుకొనెనన్నమాట. మేము మరపు అన్నది మన లెక్కలో మరపు. వాని ఒళ్లు మరువలేదు.

అయినను, ఒకవేళ నిజముగా మరచినను ఏమి? వార్ధక్యమున మతి తప్పిన మన తల్లిని ఈడ్చినయెడల సాయంకాలమునకు మరచిపోవునని ఈడ్చుదుమా? నొప్పి నొచ్చిన గడియలోనే నొప్పి. కీర్తనకారుడు 56వ కీర్తనలో తన కన్నీళ్లను దేవుడు బుడ్డిలో నింపి పుస్తకములో వ్రాసికొనునని నమ్మెను. మనుష్యుడు మరచినను అది దేవునియొద్ద ఉన్నదని గదా ఆ నమ్మకము! ఇక్కడ తల్లులెరిగిన యొక సంగతి చెప్పవలెను. పుట్టిన మొదటి కొద్ది వారములు బిడ్డ ఎంత యేడ్చినను చెక్కిలిమీద కన్నీరు జారదు. ఏడ్పే గాని నీరు లేదు. ఆ కీర్తన చదువునప్పుడెల్ల మేము కన్నీళ్లుగలవారినే తలంచుచుంటిమి. కన్నీరైన లేనివాని లెక్క దేవుడెట్లు వ్రాసికొనునోయని ఇప్పుడు తలంచుచున్నాము.

దీనిని తలంచుచుండగా హాగరు సంగతి మాకు వచ్చెను. తిత్తిలో నీళ్లు అయిపోయెను. ఆమె చిన్నవానిని పొదక్రింద పడవేసి, వాడు చచ్చుట చూడలేక, వింటివేత దూరమున ఎదురుగా పోయి కూర్చుండి యేడ్చెను. (ఇష్మాయేలు అప్పటికి పాలు త్రాగు బిడ్డ కాడని పండితులందురు, సరే.) ఎన్నియో పర్యాయములు ఈ భాగమునుండి ప్రసంగించితిమి. ఎప్పుడును నీళ్ల బావినిగూర్చియే చెప్పితిమి. కన్నులు తెరువబడుట, బావి కనబడుట, అంతే. బావికి ముందు దూత ఏమనెనో అంతగా నిలిచి చూడలేదు. తల్లి యెలుగెత్తి యేడ్చెనని వ్రాయబడినది, గాని దేవుడు వినినది చిన్నవాని మొరయని వ్రాయబడినది. వాడున్న చోటనుండియే వినెను. ఆ తరువాత తల్లికి వచ్చిన మొదటి ఆజ్ఞ నీళ్లు తెమ్మని కాదు. లేచి పోయి వానిని లేవనెత్తి చేతితో పట్టుకొమ్మని. ఆ తరువాతనే బావి కనబడెను.

హాగరు కఠినురాలు కాదు. చూడలేక దూరము పోయెను. ఆసుపత్రి వరండాలో కొంగుతో చెవులు మూసికొన్న తల్లియు చూడలేకయే దూరముండెను. ప్రేమయే ఆమెను దూరము చేసెను. మేము దగ్గరకు పొమ్మని చెప్పుటకు మారుగా, ఆ దూరమునకు ఒక న్యాయము కల్పించి యిచ్చితిమి.

దగ్గరకు పోయిన మాత్రమున ఏమి ప్రయోజనము? తల్లి చేతిలోనున్నను సూది సూదియే గదా యని యడుగవచ్చును. మేమును అట్లే అనుకొంటిమి. చదివిన తరువాత ఆశ్చర్యపడితిమి.

అమెరికాలోని బోస్టను పట్టణమున లారీ గ్రే అను వైద్యుడును ఆయన తోటివారును నెలలు నిండి పుట్టిన 30 మంది బిడ్డలను చూచిరి. మడమ గుచ్చునప్పుడు కొందరిని బట్టలు లేకుండ తల్లి రొమ్మున ఒంటికి ఒళ్లు ఆన్చి పరుండబెట్టిరి. కొందరిని మామూలుగా గుడ్డలో చుట్టి తొట్టిలోనే యుంచిరి. తల్లి ఒంటిమీదనున్న బిడ్డల యేడ్పు 82 శాతము తగ్గెను. ఇది 2000 సంవత్సరమున. 2002లో వారే, సూదికి ముందే రొమ్ము పట్టి, పాలు త్రాగుచుండగా గుచ్చబడిన బిడ్డలను చూచిరి. ఏడ్పు 91 శాతము తగ్గెను. ముఖము ముడుచుట 84 శాతము తగ్గెను. మందు లేదు, ఖర్చు లేదు.

2003లో ఫ్రాన్సు దేశమునుండి వచ్చినది మాకు మరింత బుద్ధి చెప్పినది. రికార్డో కర్బహాల్ అను వైద్యుడు 180 మంది బిడ్డలను నాలుగు గుంపులు చేసి, రక్తము తీయునప్పుడు వారి నొప్పిని పదింటికి ఎంతయని లెక్కించెను. వట్టి నీరు నాలుకమీద వేసిన బిడ్డలకు నడిమి లెక్కన 10. తల్లి యెత్తుకొన్నది గాని పాలియ్యలేదు, అట్టివారికిని 10. తియ్యని నీరు వేసి చప్పరింపునకు రబ్బరు పీక నిచ్చినవారికి 3. పాలు త్రాగుచున్నవారికి 1. చూచితిరా! ఊరక యెత్తుకొనుట చాలలేదు. ఎత్తుకొన్నామని మనము తృప్తిపడవచ్చును గాని బిడ్డకు కావలసినది పాలు, లేనియెడల ఒంటికి ఒళ్లు తగులుట. చీరకును గుడ్డకును మధ్య అది దొరకదు. సూదికి రెండు నిమిషములు ముందుగానే రొమ్ము పట్టించి, వాడు బాగుగా గుటకలు వేయుచుండగా గుచ్చనీయవలెను. గుచ్చిన తరువాత ఏడ్చుచున్న నోటికి పెట్టిన ఆ ఫలము రాదు.

యెషయా ప్రవక్త 66వ అధ్యాయమున యెరూషలేమును తల్లిగా చూపుచు, ఆదరణను మూడు చోట్ల పెట్టెను: పాలిచ్చు రొమ్ము, ఎత్తుకొను చంక, ఆడించు మోకాళ్లు. ఆ వెంటనే, తల్లి ఆదరించునట్లు తానే ఆదరింతునని ప్రభువు సెలవిచ్చుచున్నాడు. ఇది పోలిక మాత్రమేయని మేము చదువుచుంటిమి. ప్రవక్త తల్లులను ఎంత దగ్గరనుండి చూచి వ్రాసెనో!

రొమ్ము పట్టలేని బిడ్డలున్నారు. నెలలు నిండనివారు, గొట్టములతో పెట్టెలో నున్నవారు. వారికే సూదులెక్కువ. 2008లో అచ్చయిన పరిశోధనలో పారిస్ ప్రాంతపు ఆసుపత్రులలో 430 మంది శిశువులను లెక్కించగా, నొప్పి కలిగించు పనులు 42,413 జరిగెను. వానిలో నూటికి 79 పనులు నొప్పికి ప్రత్యేకముగా ఏ యుపశమనమును లేకయే జరిగెను. గొప్ప పట్టణముల సంగతియే ఇది. అట్టి బిడ్డకు ఒక చేయి తలకును ఒక చేయి పాదములకును ఆన్చి, కడుపులోనున్నట్లు ముడిచి పట్టుకొనిన కొంత నెమ్మది కలుగును. తగిన స్థితిలోనున్నయెడల రొమ్మున కట్టుకొనుటయు మేలు. 1978 ప్రాంతమున కొలంబియా దేశములోని బొగొటాలో ఎడ్గార్ రే అను వైద్యుడు, పెట్టెలు చాలక, చిన్న బిడ్డలను తల్లుల రొమ్మునకే కట్టించెను. లేమినుండి వచ్చిన ఆ పద్ధతి నేడు మన సర్కారు ఆసుపత్రులలోను ఉన్నది. తండ్రి రొమ్మును పనికివచ్చును. కెనడాలో చూడగా తల్లికంటె కొద్దిగా మాత్రమే తక్కువయని తేలెను. మన తండ్రులు ఆ వేళకు ఆసుపత్రి గేటు బయట టీ బంకు దగ్గర నుందురు.

వారముతరువాత మరల రక్తము చూడవలెనని చీటీలో వ్రాసిరి. మేము ఆ యింటికి పోయి పైసంగతులన్నియు చెప్పితిమి. మొదట మా తప్పు ఒప్పుకొంటిమి. అమ్మమ్మ వినివిని, "అట్టాగైతే అయ్యగారూ, పాలు తాగేటప్పుడే సూది పొడిస్తే, బిడ్డకి తల్లి రొమ్మంటేనే బెదురు పుట్టదా?" అని యడిగెను. మంచి ప్రశ్న. మేము తడబడితిమి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో టీకాల వేళ పాలియ్యుడని చెప్పినది, బెదరుదురను భయముండినయెడల చెప్పునా యంటిమి. ఆమెకు ఆ సంస్థ ఎరుక లేదు. తానే కొంచెము ఆలోచించి, "మా అమ్మాయికి చెవులు కుట్టించినప్పుడు మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి, నోట్లో బెల్లం ముక్క పెట్టినాం. మేనమామన్నా బెదరలేదు, బెల్లమన్నా బెదరలేదు" అనెను. నవ్వుకొంటిమి. ఇంతకాలము మనయొద్దనే యున్నదానిని బోస్టనునుండి తెచ్చుకొనుచున్నామా యనిపించెను. బెల్లము పెద్దపిల్లలకే సుమా. ఆరు నెలలలోపు బిడ్డకు ఇంటిలో చక్కెరనీళ్లుగాని తేనెగాని నాకింపరాదు. ఏడాది నిండువరకు తేనె ప్రాణాపాయము కూడ తేగలదు. ఆసుపత్రిలో తియ్యని నీరు చుక్కలు లెక్కించి ఇచ్చుట వారి పని.

అయితే మనయొద్దనున్నదంతయు బెల్లము కాదు. పచ్చకామెర్లకని, మూర్ఛకని పసివాని పొట్టమీద చురకలు పెట్టించు ఇండ్లు మన ప్రాంతమున నేటికిని లేకపోలేదు. ప్రార్థన చేయించుకొని మరునాడు వాత పెట్టించినవారిని ఎరుగుదుము. వాతవలన కామెర్లు పోవు. పుండు పడును, విషమెక్కును, ఆసుపత్రికి ఆలస్యమగును. కామెర్లు ముదిరినయెడల మెదడు చెడును. సూది యట్లు కాదు. ఒక చుక్క రక్తమువలన కామెర్ల కొలత తెలియును. గొంతుగ్రంథి సరిగా పనిచేయని బిడ్డను అట్టి చుక్కతోనే కనుగొని, మొదటి వారములలో మందు మొదలుపెట్టినయెడల బుద్ధిమాంద్యము రాకుండ కాపాడవచ్చును. కాబట్టి బిడ్డ యేడ్చునని పరీక్ష మాన్పించు తల్లితో మేము ఏకీభవింపము. సూది అవసరము. ఆ యేడ్పంతయు అవసరమని ఎవరు చెప్పిరి? అవసరమైన నొప్పిని మోయించుట వేరు. తీయగలిగినదానిని తీయక విడుచుట వేరు. చాలకాలము మేము ఈ రెండింటిని కలిపి, దేవుని చిత్తమని ఒక్క పేరు పెట్టుచుంటిమి.

నర్సమ్మలను నిందించుటకు ఇది వ్రాయలేదు. ఒక్కతె నలువది మందిని చూచుకొనుచుండగా, రెండు నిమిషములు ఆగుమనుట మనకు సులువు. మడమ పిండుటే ఎక్కువ నొప్పియనియు, చేయి తిరిగినవారు నరమునుండి తీసిన తక్కువ నొప్పియనియు వారికి తెలియనిది కాదు. మనము గొడవపడక, బల్లయొద్దకు పోకముందే, "అమ్మా, పాలు పట్టించుకుంటాను, అప్పుడు గుచ్చండి" అని అడుగవలెను. ఆ మాట తొలికాన్పు పిల్ల నోట రాదు. ఆసుపత్రిలో మన ఆడవారి నోరు ఎంత యెండిపోవునో తెలియును. ప్రక్కనున్నవారు అడుగవలెను.

రెండవసారి పోయినప్పుడు మేమే అడిగితిమి. నర్సమ్మ మమ్మును ఎగాదిగా చూచి, తల్లిని చూచి, "సరే, ఆ స్టూలు మీద కూర్చో, కాలు ఇటు పెట్టు" అనెను. తల్లి కొంగు కప్పుకొని బిడ్డకు పాలు పట్టెను. మేము బయటికి వచ్చితిమి. అమ్మమ్మ మాత్రము లోపలనే నిలిచెను. వరండాలో నిలిచి, మేము చెవియొగ్గితిమి. ఒక్క కేక వినబడెను. చిన్నది. తరువాత గుటకలు. అమ్మమ్మ బయటికి వచ్చి, "అయిపోయింది. వాడికి తెలిసిందిలే అయ్యగారూ, తెలవక కాదు. మళ్లీ పట్టుకున్నాడు" అనెను.

కామెర్లు తగ్గుముఖము పట్టినవి. వచ్చే నెలకు ఆరు వారముల టీకా. ఆ దినమున తండ్రిని పనికి పోనీయవద్దని చెప్పి వచ్చితిమి.